కూలోడి కాలికి బూటెందుకంటారా?

"మట్టిలో దిగే కూలోళ్లకు బూట్లేందయ్యా, పెళ్లికి పోతన్నారా?" అని ఒక మోతుబరి ఎగతాళి చేశాడని మొన్నటి మండల సమావేశంలో ఒక తమ్ముడు చెప్పాడు. ఆ మాట మోతుబరి నోట రావడం వింతేమీ కాదు. నాకు వింతనిపించింది మన కార్యకర్త ఒకాయన మాట. ఆయన లేచి, "భూమి అడగాల్సిన నోటితో బూట్లు అడిగితే ఉద్యమం పలచన అయిపోతుంది మాస్టారూ" అన్నాడు. నలుగురు తల ఊపారు కూడా. ఈ వ్యాసం మోతుబరి కోసం రాయడం లేదు. తల ఊపిన ఆ నలుగురి కోసం రాస్తున్నాను.

అన్నలారా, అక్కలారా! ఈ దేశంలో కాలు చిన్న విషయం ఎప్పుడయింది? బ్రహ్మ పాదాల నుంచి పుట్టినోళ్లు శూద్రులని రాసుకున్నారు. మనకు ఆ పాదాల్లో కూడా చోటివ్వలేదు. చెప్పు కుట్టినోడు ఆ చెప్పేసుకుని పెద్దకులాల బజారులో నడవగూడదన్నారు. మన తాతలు చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని ఆ బజారు దాటారు. ఇదంతా ముసలోళ్లు చెప్పే పాత కథ అనుకుంటన్నారా? 1991లో చుండూరులో గొడవ దేనితో రేగింది? సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు పెద్దకులపోడికి తగిలిందన్న తగాదాతోనే గదా. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పడేసేదాకా పోయింది అది. మన కాలు వాళ్లకంత పెద్ద విషయం. మనకే చిన్నదిగా కనిపిస్తోంది!

చట్టం చేసినోళ్లకు కూడా ఈ సంగతి అర్థమైంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చింది. అందులో సెక్షన్ 3(1)(జెడ్ఏ)(బి) ఉంది. బహిరంగ స్థలంలో చెప్పులేసుకోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా, సైకిలో మోటారు సైకిలో ఎక్కకుండా ఎస్సీ, ఎస్టీలను అడ్డుకుంటే నేరమని అక్కడ రాసి ఉంది. ఇరవై ఒకటో శతాబ్దంలో ఒక దేశపు పార్లమెంటు "చెప్పులేసుకోనివ్వండి" అని చట్టం రాయాల్సి వచ్చిందంటే సిగ్గుపడాల్సింది మనం కాదు. ఈ సెక్షను నంబరు ప్రతి వాడలో ఒక్కరికైనా నోటికి రావాలి.

పరువు మాట అలా ఉంచి ప్రాణం మాట చూద్దాం.

2000 నుంచి 2019 దాకా ఈ దేశంలో పాముకాటుకు పోయినోళ్లు దాదాపు 12 లక్షల మంది. అంటే ఏడాదికి సగటున 58 వేలు. 2020లో అచ్చయిన పరిశోధన లెక్క ఇది. వాళ్లలో నూటికి డెబ్బై మంది ఎనిమిది రాష్ట్రాల వాళ్లు, ఆ ఎనిమిదిలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. అంటే కలుపుల కాలం, తడుల కాలం. ఇంత మందీ ఎవరు? రాత్రి మడవ తిప్పడానికి పోయిన పాలేరు, కందిచేనుకు పందుల కావలి పోయినోడు, గడ్డి కోసే అక్క, తునికాకు ఏరే చెంచమ్మ. పొలంలో పడే కాటు ఎక్కువగా పాదం మీద, చీలమండ మీద, పిక్క మీద పడుతుంది. పేపరోడు మాత్రం "విధి వెక్కిరించింది" అని రాస్తాడు. విధి గాదు నాయనా, ఆ కాలికి ఏమీ లేదు, అంతే.

ఇక్కడొక మాట చెప్పి ముందుకు పోతాను. కాటు పడితే బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించి కట్టొద్దు. కాలు కదపకుండా పడుకోబెట్టి, 108కి ఫోను చేసి, పెద్ద సర్కారు ఆసుపత్రికి తీసుకుపోవాలి. మందు అక్కడుంటుంది, మంత్రగాడి దగ్గర ఉండదు. కట్లపాము చాలాసార్లు నేల మీద నిద్రపోతున్నోణ్ని కరుస్తుంది. దానికి బూటు అడ్డం రాదు, మంచం, దోమతెర కావాలి. బూటు అన్నిటికీ మందని నేనడం లేదు.

బూట్లు ఎవరికి ఉన్నాయో చూడండి. పోలీసుకు సర్కారు ఇస్తుంది. అడవి గార్డుకు ఇస్తుంది. ఆ గార్డు వెనకాల వేసవిలో ఫైర్ లైను చెక్కే దినకూలీ కాలికి రబ్బరు చెప్పు. వెనకటి రోజుల్లో షికారుకొచ్చిన దొర కాలికి మోకాటి దాకా తోలు బూటు ఉండేది. ముందు నడిచి, డప్పు కొట్టి, పొదల్లో మెకాన్ని లేపే వెట్టోడివి ఉత్త కాళ్లు. పులి ముందుగా ఎవరి మీదికి దూకుతుందో చెప్పనక్కర్లేదు గదా. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి షికారు పోయింది, ఆ పేరు మాత్రం ఒక బూటుకు మిగిలిపోయింది. సంతల్లో ఆకుపచ్చ గుడ్డతో, కింద రబ్బరుతో ఉండి "హంటర్ షూ" పేరుతో అమ్మేది అదే. దాని సంగతి కిందికొస్తాను, అది మనకు పనికొచ్చే సరుకే.

సర్కారుకు కాళ్లు కొలవడం రాదా అంటే, వస్తుంది. నేను పంతుల్ని. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి బడిపిల్లల కిట్లో బూట్లు పెట్టారు. మేమే పిల్లల పాదాలు కొలిచి నంబర్లు పైకి పంపాం. ఆరో తరగతి పిల్లవాడి పాదం కొలిచిన సర్కారు, ఆ పిల్లవాడి కోసం మిరప చేలో వంగి పనిచేసే తల్లి పాదం ఎందుకు కొలవదు? పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో తునికాకు ఏరేవాళ్లకు "చరణ్ పాదుకా" అని పథకం పెట్టారు. మధ్యలో ఆపేసి 2025లో మళ్లీ మొదలెట్టారు. అంటే అడగరాని కోరిక కాదిది. మనం అడగడం లేదు, అంతే. పంచాయతీలో మురుగు ఎత్తే మనోళ్ల సంగతి మరీ ఘోరం. బూట్లు ఇచ్చామని రిజిస్టరులో సంతకం ఉంటుంది. తీరా చూస్తే అన్నీ ఒకటే నంబరు, మగోళ్ల తొమ్మిదో పదో. ఐదో నంబరు పాదం ఉన్న అక్క అందులో కాలు పెడితే అడుగు ముందుకేయలేదు. బూటు మూల పడుతుంది. "ఇచ్చినా వేసుకోరండీ" అని ఆఫీసరు ఉపన్యాసం!

ఇప్పుడు కొనే మాట. బూటు కొట్లో మనల్ని చూడగానే కొట్టువాడు రెండు రకాలు తీస్తాడు, ఒకటి అన్నిట్లోకీ చవకది, రెండోది అన్నిట్లోకీ మెరిసేది. రెండూ వద్దనండి. నేను చెప్పే ధరలు మా వైపు సంతలో, కొట్లలో చూసినవి, ఊరును బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి.

మొదటిది గమ్‌బూటు. మూడొందల యాభై నుంచి ఐదొందల దాకా. రాత్రి తడులకు, బురదకు, మురుగు పనికి, పాము భయమున్న గడ్డికి దీన్ని మించింది లేదు, ఎందుకంటే పిక్క దాకా మూస్తుంది. కొనేటప్పుడు పై అంచు పట్టుకుని గట్టిగా మడవండి. మడత దగ్గర తెల్లగీత పడి, వదిలినా తొందరగా సర్దుకోకపోతే అందులో సుద్ద ఎక్కువ కలిపారు, ఎండాకాలం దాటేలోపు పగులుతుంది. ముక్కుపుటాలు అదిరే కంపు కొడితే తుక్కు ప్లాస్టిక్కు కరిగించి పోసింది. లోపల గుడ్డ అస్తరు ఉంటే మంచిది. గమ్‌బూటులో చెమట బయటికి పోదు. పొద్దస్తమానం వేసుకుంటే వేళ్ల సందుల్లో చర్మం నాని తెల్లబడి పగులుతుంది. నూలు సాక్సులు రెండు జతలుండాలి, మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు బూటు విప్పి కాళ్లకు గాలి తగలనివ్వాలి. నాట్లప్పుడు మాత్రం ఇది పనికిరాదు. దమ్ము చేసిన మడిలో దిగితే బూటు అక్కడే ఉంటుంది, కాలు బయటికొస్తుంది. నాట్లేసే అక్కలకు బూట్లు వేయిస్తామని ఎవరైనా చెబితే వాళ్లు మడిలో దిగి ఎరగరన్నమాట.

రెండోది నేను చెప్పిన హంటర్ షూ. ఐదొందల నుంచి ఏడొందలు. కొండెక్కేవాళ్లకు, మేకలు కాసేవాళ్లకు, అడవిలో రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు నడిచేవాళ్లకు నేనిచ్చే సలహా ఇదే. బరువు తక్కువ, వాగులో తడిసినా తొందరగా ఆరుతుంది. సర్కారు తుమ్మ ముల్లు హవాయి చెప్పును అప్పడం పొడిచినట్టు పొడిచి పాదంలోకి దిగుతుంది, ఈ గట్టి రబ్బరు అడుగును అంత సులువుగా దాటదు. చూడాల్సినవి మూడు. చీలమండ పైదాకా రావాలి. నాలుక రెండు పక్కలా గుడ్డకు కలిపి కుట్టి ఉండాలి, లేకపోతే పల్లేరుకాయలు, ఇసుక లోపలికి పోతాయి. రబ్బరూ గుడ్డా కలిసే చోట గోరుతో లేపి చూడాలి, అక్కడ లేచిందంటే నెల తిరక్కుండానే నోరు తెరుస్తుంది. రక్తపింజర కోర పొడుగు, గుడ్డను దాటొచ్చు. కాబట్టి ఇది వేసుకున్నామని గడ్డిలో గుడ్డిగా నడవొద్దు, చేతికర్ర, లైటు ఉండాల్సిందే.

మూడోది సేఫ్టీ షూ, ఏడొందల నుంచి పన్నెండొందల దాకా. ముందు భాగంలో ఇనప తొడుగు ఉంటుంది. ఐ.ఎస్. 15298 అని ఐ.ఎస్.ఐ. గుర్తుతో పాటు చూసి కొనాలి. ఆ లెక్క ప్రకారం తొడుగు 200 జౌళ్ల దెబ్బ తట్టుకోవాలి. అంటే ఇరవై కిలోల రాయి మీటరు ఎత్తు నుంచి పడినా వేళ్లు నలగగూడదు. పలకల క్వారీలో, క్రషర్ల దగ్గర, కట్టెలు కొట్టే చోట ఇది లేకుండా పనికి దిగొద్దు. కానీ కొండ నడకకు వద్దు. దిగేటప్పుడు బొటనవేలు పోయి ఆ ఇనుముకు కొట్టుకుని గోరు నల్లబడుతుంది. ఇంకో మోసం ఉంది. "పాత స్టాకు, సగం ధర" అని బోర్డు పెడతారు. ఈ బూట్ల అడుగు చాలావాటికి పీయూ అనే నురగ సరుకు. తేమకు అది లోపల్లోపల చెడిపోతుంది. వాడకుండా పెట్టెలో నాలుగేళ్లున్నా సరే, వేసుకున్న వారంలోనే రొట్టె ముక్కలా రాలుతుంది. నాలుక లోపలో పెట్టె మీదో తయారైన నెల, సంవత్సరం ఉంటుంది, చదువుకున్న పిల్లలతో చదివించుకోండి. రబ్బరు అడుగుకు ఈ రోగం లేదు.

నాలుగోది తోలు బూటు. రెండు వేలు దాటుతుంది. ఇక్కడే అందరూ మోసపోయేది. కొట్టువాడు "ప్యూర్ లెదర్" అంటాడు. తోలును నిలువునా చీల్చి, పై పొర ఖరీదు సరుకులకు పోయాక, కింది పొర మీద ప్లాస్టిక్కు పూత పూసి అమ్ముతారు. అదీ తోలే, అబద్ధం కాదు, కానీ పూత లేచిపోయాక నీళ్లు తాగి ముద్దవుతుంది. కోసిన అంచు చూడండి. మంచి తోలయితే పైనుంచి కిందిదాకా పీచు ఒకటిగా ఉంటుంది. పూతదయితే పైన ప్లాస్టిక్కు పొర వేరుగా గీతలా కనిపిస్తుంది. బొటనవేలితో నొక్కితే మంచి తోలు మీద సన్నటి ముడతలు చుట్టూ పాకుతాయి, పూత మీద గుంట మాత్రమే పడుతుంది. అడుగు కుట్టిందా, అంటించిందా అడగండి. కుట్టిన అడుగు అరిగితే మార్చుకోవచ్చు. పోత పోసి అతికించింది అరిగితే పైతోలు బాగున్నా పారేయాల్సిందే. బూటు మడిస్తే వేళ్ల మొదట్లో వంగాలి, నడుం దగ్గర వంగితే కొండ మీద పాదం నొప్పెడుతుంది. తడిసిన తోలును పొయ్యి దగ్గర పెట్టొద్దు, బిరుసెక్కి పగులుతుంది. పాత కాగితాలు కూరి నీడలో ఆరబెట్టి, నెలకోసారి ఆముదం రాయాలి.

ఆముదం మాట నేను పుస్తకంలో చదివింది కాదు. కిర్రు చెప్పులు కుట్టిన మాదిగ పెద్దలు చెప్పింది. సున్నంలో నానేసి, వెంట్రుక తీసి, తంగేడు చెక్కతో, కరక్కాయతో తోలు ఊనిన విద్య అది. ఏ కాలేజీ నేర్పలేదు. ఊరి రైతు కాలికి చెప్పు, మోటకు తోలు బొక్కెన, ఎద్దుకు పగ్గం, అన్నీ ఆ చేతుల నుంచే. బదులుగా కళ్లంలో ఇంత మేర. మేరా పోయింది, విద్యా పోయింది. ప్లాస్టిక్కు వచ్చి దెబ్బకొట్టింది నిజమే, ప్లాస్టిక్కు ఒక్కటే కాదు. 2016 జూలైలో గుజరాత్ ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు మన పిల్లల్ని కారుకు కట్టేసి కొట్టారు. నెల తిరక్కుండా ఆగస్టులో మన అమలాపురంలోనే, కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న మనోళ్లను చెట్టుకు కట్టి కొట్టారు. తోలు తీస్తే కొట్టేది వాళ్లే. తోలు బూటు తొడుక్కుని గుడి మెట్ల దాకా పోయేది వాళ్లే.

పన్ను సంగతీ వినండి. వెయ్యి రూపాయల లోపు చెప్పుల మీద ఐదు శాతం ఉన్న జీఎస్టీని 2022 జనవరి 1 నుంచి పన్నెండు చేశారు. మూడేళ్లకు పైగా హవాయి చెప్పుకు కూడా పన్నెండు శాతం కట్టాం మనం. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండున్నర వేల దాకా మళ్లీ ఐదు శాతమే. కాబట్టి కొట్లో "పన్ను ఎక్కువండీ" అన్నోడికి ఈ తేదీ చెప్పండి, బిల్లు అడగండి.

మా తమ్ముళ్లకు ఒక చీవాటు. పట్నం ఫుట్‌పాత్ మీద పెద్ద కంపెనీ పేరు తప్పు స్పెల్లింగుతో అచ్చేసిన తెల్లబూట్లు ఎనిమిదొందలకు కొంటన్నారు. రెండు వానలకు అడుగు ఊడుతుంది. వేసుకోండి, మనం బాగా తయారైతే కడుపు మండేవాళ్లున్నారు, వాళ్ల కోసమైనా వేసుకోండి. అంబేడ్కర్ విగ్రహం ఏ ఊళ్లో చూసినా కోటుతో, బూటుతో నిలబడి ఉంటుంది, అది ఊరకనే కాదు. కానీ అదే ఇంట్లో అమ్మ పిన్నీసు పెట్టిన హవాయి చెప్పుతో పత్తి చేలోకి పోతుంటే ఆ ఎనిమిదొందలు ముందు ఎవరి కాలికి పెట్టాలో మీరే ఆలోచించండి. ఆ హవాయి చెప్పు నూటిరవై. ఏడాదికి నాలుగు జతలు తెగుతాయి. ఆ డబ్బుతో గమ్‌బూటు వస్తుంది, జాగ్రత్తగా వాడితే రెండేళ్లుంటుంది. అయినా అమ్మ ఎందుకు కొనదంటే, నూటిరవై చేతిలో ఉంటుంది, నాలుగొందల ఎనభై ఒక్కసారి ఎప్పుడూ ఉండదు. పొదుపు సంఘంలో గేదెకు అప్పిస్తారు, కుట్టుమిషనుకు ఇస్తారు. బూట్లకు ఎందుకివ్వరో ఈ నెల సంఘం మీటింగులో అడగాలి.

ఇక భూమి ముందా, బూటు ముందా అన్న కార్యకర్తకు. అయ్యా, మనకు పట్టాలిచ్చిన భూములు ఎక్కడున్నాయి? కాలవ కిందా? కొండ పాదాన, రాళ్ల మీద, ముళ్లలో. ఆ భూమి హద్దు చూసుకోవడానికి కూడా కాలికి ఏదో ఒకటి ఉండాలి. కూలి పెంచమని అడిగేటప్పుడు పనిముట్టు ఎవరిదని అడగమా? రాత్రి తడికి పిలిచినోడు లైటు ఇస్తున్నాడు, ఎందుకంటే నీళ్లు ఎటు పోతున్నాయో వాడికి తెలియాలి. బూటు ఇవ్వడు, ఎందుకంటే కాలు మనది. పాలేరు జీతం మాట్లాడుకునే రోజున కండువా, పంచె రాయించుకున్నట్టు ఒక జత గమ్‌బూట్లు కూడా రాయించుకోవాలి. పందుల కావలికి, క్వారీకి, పంచాయతీ పనికి ఇదే షరతు. బూటు లేకపోతే రాత్రి తడికి రాం. ఒకడంటే పని పోతుంది, వాడ మొత్తం అంటే మడవ తిరగదు, అప్పుడు మోతుబరే పట్నం బస్సెక్కి తెస్తాడు.

అప్పటిదాకా ఊరుకోవద్దు. వాడవాడకూ లిస్టు రాసి, ఇరవై ముప్పై జతలు ఒక్కసారి కొంటే కొట్టువాడు దిగొస్తాడు, బిల్లూ ఇస్తాడు, సైజు కుదరనిది మారుస్తాడు. అంటించిన రబ్బరు అడుగులున్న బూట్లకు కొన్నరోజే మన చర్మకారుల చేత చుట్టూ కుట్టేయించండి, ఆ నాలుగు రూపాయలు బయటికి పోవు. గమ్‌బూటుకూ, పోత పీయూ అడుగుకూ సూది పెట్టించొద్దు.

కొలత సాయంత్రం తీయాలి, పొద్దంతా నిలబడ్డ పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. సాక్సు తొడిగి, కాగితం మీద నిలబెట్టి, పెన్సిలు నిటారుగా పట్టి గీయండి. మడమ నుంచి పొడుగు వేలి దాకా సెంటీమీటర్లలో కొలిచి, ఒక సెంటీమీటరు కలపండి. నంబరుకూ నంబరుకూ మధ్య తేడా ఎనిమిదిన్నర మిల్లీమీటర్లే, కాబట్టి ఉజ్జాయింపు పనికిరాదు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాని లెక్క రాయండి. ఆడవాళ్ల కొలతలు వేరే కాగితం మీద రాయండి. నాలుగు, ఐదు నంబర్లలో పెద్దోళ్ల గమ్‌బూట్లు చాలా కొట్లలో ఉండవు, ముందే చెప్పి తెప్పించాలి, లేదంటే మగపిల్లల సైజుల్లో వెతకాలి. తెచ్చాక రాత్రి బూట్లు బోర్లించి పెట్టండి, పొద్దున వేసుకునే ముందు నేలకేసి రెండుసార్లు కొట్టండి, తేళ్లుంటాయి.